రోడ్డు తవ్వకుండా పాత డ్రైనేజీ పైపు లోపల లైనింగ్: నిజంగా నిలుస్తుందా?

#1 సంధ్య_ఎస్

అందరికీ నమస్కారం. నేను మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిని. అధికారులతో మాటలు నడుస్తున్నాయి కాబట్టి ఊరి పేరు ఇక్కడ పెట్టడం లేదు. పాత కాలనీల్లో ఉండే ఎవరికైనా ఈ సమస్య తెలిసిందే.

మా మెయిన్ లైను 1980ల్లో వేసిన 300 మి.మీ. ఆర్‌సీసీ (కమ్మీలున్న కాంక్రీటు) పైపు. రెండు వీధుల్లో అంతకన్నా పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులు ఉన్నాయి. వీధులు ఇరుకు, పైపు కొన్నిచోట్ల పన్నెండు అడుగుల లోతులో ఉంది. ప్రతి వానాకాలం మ్యాన్‌హోళ్లు పొంగి మురుగు ఇళ్ల ముందు నిలుస్తుంది. ఈ మధ్య రోడ్డు కుంగడం కూడా మొదలైంది.

ఇప్పుడు "తవ్వం, పాత పైపు లోపలే కొత్త పైపు తయారుచేస్తాం, 50 ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అనే ప్రతిపాదన వచ్చింది. కాలనీలో సగం మందికి నమ్మకం కుదరడం లేదు. "గుడ్డను లోపలికి దూర్చి దాన్నే పైపంటే ఎలా?" అని మీటింగ్‌లో ఒక పెద్దాయన గట్టిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ పని ఎలా జరుగుతుంది? ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు? కాలనీ తరఫున మేం ఏమేం అడగాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు చెబితే మీటింగ్‌లో చదివి వినిపిస్తాను.

#2 రవి_లైనింగ్

సంధ్య గారూ, నేను ఈ పనిలోనే సైట్ ఇంజినీరుని, ఎక్కువగా ఉత్తరాదిలో చేశాను. మీ పెద్దాయన అడిగినది సరైన ప్రశ్న. లోపలికి వెళ్లేటప్పుడు అది గుడ్డే. బయటికి వచ్చేసరికి కాదు.

దీన్ని సీఐపీపీ (క్యూర్డ్ ఇన్ ప్లేస్ పైప్, అంటే ఉన్నచోటే గట్టిపరిచే పైపు) అంటారు. పాలియెస్టర్ ఫెల్ట్‌తో పైపు కొలతకు కుట్టిన పొడవాటి గొట్టం ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీలో వ్యాక్యూమ్ పెట్టి రెజిన్‌తో (వేడికి గట్టిపడే జిగురు ద్రవంతో) పూర్తిగా తడుపుతారు. దారిలో గట్టిపడకుండా చల్లటి బండిలో సైటుకు తెస్తారు. ఒక మ్యాన్‌హోల్ దగ్గర గొట్టం కొసను బిగించి, నీటి బరువుతోనో గాలి ఒత్తిడితోనో లోపలికి తోస్తారు. చొక్కా చేతిని లోపలివైపు పైకి వచ్చేలా తిప్పుతాం చూడండి, అలా తిరగబడుతూ రెజిన్ ఉన్న వైపు పాత పైపు గోడకు అంటుకుంటూ తర్వాతి మ్యాన్‌హోల్ దాకా వెళ్తుంది. తర్వాత లోపల వేడినీళ్లు లేదా ఆవిరి తిప్పుతారు. నీళ్లయితే దాదాపు 80 డిగ్రీల దాకా వేడి చేస్తాం. రెజిన్ గట్టిపడ్డాక మెల్లగా చల్లార్చి కొసలు కోస్తాం. అతుకుల్లేని కొత్త పైపు పాత పైపు కడుపులో తయారవుతుంది. గ్లాస్ ఫైబర్ గొట్టాన్ని లోపలికి లాగి, గాలితో ఉబ్బించి, అల్ట్రావయొలెట్ దీపాల వరసను నడిపించి గట్టిపరిచే పద్ధతి కూడా ఉంది. అందులో గోడ పలచగా ఉన్నా బలం ఎక్కువ.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1971లో ఎరిక్ వుడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు లండన్‌లోని హాక్నీలో, వందేళ్ల నాటి ఇటుక సీవర్‌లో దాదాపు 70 మీటర్ల మేర మొదటిసారి చేశాడు. 1990లలో పేటెంటు గడువు తీరాక చాలా కంపెనీలు వచ్చాయి, ధరలు తగ్గాయి.

ఇక జనానికి కనపడని సంగతి. లైనర్ (ఈ లోపలి గొట్టం) వేయడం మొత్తం పనిలో చిన్న భాగం. ముందు పైపును శుభ్రం చేయాలి. మన దగ్గర సిల్టు, ప్లాస్టిక్, కట్టుబడి ఇసుక, హోటళ్ల నూనె గడ్డలు అన్నీ పైపులోనే ఉంటాయి. తర్వాత కెమెరా నడపాలి. పని జరిగినంతసేపూ పైనుంచి వచ్చే మురుగును పంపులతో పక్కకు మళ్లించాలి, రాత్రి కూడా. లైనర్ గట్టిపడ్డాక ఇళ్ల కనెక్షన్ల నోళ్లు మూసుకుపోయి ఉంటాయి. లోపలికి కట్టర్ రోబోను పంపి ఒక్కొక్కటీ తెరవాలి. ఏ కనెక్షన్ ఎక్కడుందో ముందే కొలిచి రాసుకోకపోతే ఆ ఇంటి మురుగు వెనక్కి తంతుంది. మన ఊళ్లలో సగం కనెక్షన్లకు రికార్డు ఉండదు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే రోజు లైనర్ వేసే రోజు కాదు, ఈ నోళ్లు తెరిచే రోజు.

#3 నరేష్_నాంపల్లి

రవి అన్నా, బాగా చెప్పినవ్. ఒక డౌటు. హైదరాబాద్‌లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ 1931లో మొదలైంది. 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల జనాభాకు వేసిన లెక్క అది. ఇప్పుడు అదే ప్రాంతంలో ఎన్ని అపార్టుమెంట్లు లేచినయో చూస్తూనే ఉన్నం. పైపు ముందే సరిపోతలేదు. లోపల ఇంకో పొర వేస్తే మరింత ఇరుకు కాదా?

#4 మూర్తి_విశ్రాంత_ఈఈ

నరేష్ గారి ప్రశ్న మీద కొంచెం వివరంగా రాస్తాను. ప్రజారోగ్య ఇంజినీరింగ్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను.

300 మి.మీ. పైపులో 6 మి.మీ. లైనర్ వేస్తే లోపలి వ్యాసం 288 అవుతుంది. వ్యాసం 4 శాతమే తగ్గినా, పైపు మోసే నీరు దాదాపు 10 శాతం తగ్గుతుంది. అయితే గరుకుదనం కూడా మారుతుంది. పాత కాంక్రీటుకు మానింగ్ గుణకం (గరుకుదనాన్ని చెప్పే అంకె, తక్కువైతే నునుపు) 0.013 అనుకుందాం, లైనర్‌కు 0.011 తీసుకుందాం. ఆ నునుపు వల్ల 18 శాతం దాకా కలిసొస్తుంది. రెండూ కలిపి చూస్తే పాతదానికన్నా 6 శాతం ఎక్కువే మోస్తుంది. నిజానికి అరిగి గోతులు పడిన పాత పైపు గుణకం 0.013 కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి లాభం ఇంకాస్త పెరగవచ్చు. కాబట్టి లైనింగ్‌తో పైపు ఇరుకైపోతుందన్న భయం అక్కర్లేదు.

కానీ అసలు ప్రశ్న వేరు. నాలుగు ఇళ్లకు వేసిన పైపు మీద నలభై ఫ్లాట్లు వచ్చి కూర్చుంటే ఆ 6 శాతంతో ఏమవుతుంది? అలాంటిచోట లైనింగ్ చేస్తే డబ్బు పోసి పాత ఇబ్బందినే గట్టి పరుచుకున్నట్టు. సమాంతరంగా ఇంకో లైను వేయాలి, లేదా పైప్ బర్‌స్టింగ్ చేయాలి. అందులో పాత పైపును లోపలినుంచి పగలగొట్టుకుంటూ, వెనకే కొంచెం పెద్ద సైజు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును లాక్కుంటూ వెళ్తారు. అదీ పెద్దగా తవ్వకుండానే. చుట్టూ కేబుళ్లు, నీటి పైపులు మరీ దగ్గరగా ఉంటే అవి దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతి వీధిలో కుదరదు.

రెండో సంగతి. లైనర్ పాత పైపు వంపునే అనుసరిస్తుంది. మధ్యలో పైపు కుంగి బొజ్జలా దిగి ఉంటే లైనర్ కూడా అక్కడ దిగే ఉంటుంది, నీళ్లు నిలుస్తూనే ఉంటాయి. పూర్తిగా కూలిన చోట, జాయింటు బాగా పక్కకు జరిగిన చోట ముందు తవ్వి ఆ ముక్క బాగుచేయాల్సిందే. తవ్వకం అస్సలు ఉండదని ఎవరైనా చెబితే వాళ్లు ఇంకా కెమెరా వేసి చూడలేదని అర్థం.

సంధ్య గారి ఆర్‌సీసీ పైపు ఎందుకు తినిపోతుందో కూడా చెప్పాలి. చాలామంది నీటి ఒరిపిడి అనుకుంటారు. పైపు అడుగు కాదు, పైకప్పు తినిపోతుంది. మురుగు మెల్లగా పారే చోట గోడకు పట్టిన జిగురులో ప్రాణవాయువు లేకుండా బతికే సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. అక్కడినుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి లేచి, కప్పు మీది తేమలో చేరుతుంది. అక్కడ మరో రకం బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌గా మారుస్తుంది. కాంక్రీటు సున్నపు గుణం ఉన్నది, ఆసిడ్‌కు ముద్దముద్దగా రాలిపోతుంది, లోపలి కమ్మీలు బయటపడతాయి. వేడి ఎక్కువ, వాలు తక్కువ ఉంటే ఇది వేగంగా సాగుతుంది. మన కోస్తా ఊళ్లలో ఈ రెండూ ఉన్నాయి. పంపింగ్ లైను వచ్చి పడే మ్యాన్‌హోల్ దగ్గర మరీ ఘోరం. పైనుంచి తొంగి చూస్తే అడుగు బాగానే కనిపిస్తుంది, కప్పు కనపడదు.

స్టోన్‌వేర్ పైపును ఈ ఆసిడ్ ఏమీ చేయదు. దాని జబ్బు జాయింట్లలో. రెండడుగులకో జాయింటు, అందులోంచి చెట్ల వేళ్లు, నేలలోని నీరు. ఇలాంటి పైపుకే సీఐపీపీ బాగా నప్పుతుంది, జాయింట్లన్నీ ఒక్కసారిగా లైనర్ వెనక మూసుకుపోతాయి కాబట్టి.

#5 కిరణ్_సైతామా

మూర్తి గారు చెప్పిన తుప్పు సంగతి మేం ఇక్కడ కళ్లారా చూశాం. జపాన్‌లో సైతామా రాష్ట్రంలో ఉంటాను. 2025 జనవరి 28న యాషియో పట్టణంలో కూడలి దగ్గర రోడ్డు హఠాత్తుగా కుంగి ట్రక్కు అందులో పడిపోయింది. అడుగున 10 మీటర్ల లోతులో 4.75 మీటర్ల వ్యాసం ఉన్న మురుగు పైపు, 1983లో వేసింది. అది తినిపోయి, చుట్టూ ఉన్న మట్టి పైపులోకి కారిపోయి, రోడ్డు కింద గుల్లయింది. గుంట రోజురోజుకూ పెరిగింది. ఆ పైపు మీద ఆధారపడ్డ 12 లక్షల మందిని స్నానాలు, బట్టలుతకడం తగ్గించుకోమన్నారు. డ్రైవరుకు 74 ఏళ్లు. ఆయన దేహం బయటికి తీయడానికి మే నెల దాకా పట్టింది.

అన్నిటికన్నా కలవరపెట్టింది ఏమిటంటే, ఆ పైపును అంతకు కొన్నేళ్ల ముందే తనిఖీ చేశారు. వెంటనే మరమ్మతు అక్కర్లేదనుకున్నారు. ఇంత క్రమశిక్షణ ఉన్న దేశంలోనే అలా జరిగింది. ఆ తర్వాత 2 మీటర్లు, అంతకు పైన వ్యాసం ఉండి, వేసి 30 ఏళ్లు దాటిన పైపులను దేశమంతా ప్రత్యేకంగా పరీక్షించమని ప్రభుత్వం ఆదేశించింది.

సంధ్య గారూ, రోడ్డు కుంగడం మొదలైందన్నారు కదా. దాన్ని తారుతో పూడ్చి ఊరుకోనివ్వకండి. అక్కడ మట్టి ఎక్కడికి పోయిందో ముందు చూడమనండి.

#6 రవి_లైనింగ్

కిరణ్ గారు చెప్పింది చాలా ముఖ్యం. వానాకాలంలో పైపు నిండి పొంగినప్పుడు పగుళ్లలోంచి నీరు బయటి మట్టిలోకి వెళ్తుంది. వాన తగ్గాక అదే నీరు ఇసుకను తీసుకుని లోపలికి వస్తుంది. ఏటా ఇదే. జెట్టింగ్ (నీటి ఒత్తిడితో పైపు కడగడం) చేసిన ప్రతిసారీ ఒకే మ్యాన్‌హోల్లో సన్న ఇసుక వస్తుంటే అది ఇళ్లనుంచి వచ్చింది కాదు, రోడ్డు కిందిది. గుల్ల ఉన్నచోట లైనర్ వేసే ముందు గ్రౌటింగ్ (సిమెంటు ద్రవం లాంటిది ఎక్కించి నింపడం) చేయాలి. గుల్ల ఎంత ఉందో గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో కొంతవరకు తెలుస్తుంది. తడి బంకమట్టిలో ఆ రాడార్ లోతుకు చూడలేదు, అదీ గుర్తుంచుకోండి.

#7 శేషు_గుంటూరు

నేను ఒప్పుకోను. చిన్న కాంట్రాక్టరుని, యూజీడీ (అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ) పనులు చేస్తుంటాను. అయిదారు అడుగుల లోతు, ముప్పై అడుగుల రోడ్డు ఉన్నచోట తవ్వి కొత్త పైపు వేయడమే మేలు. మన మేస్త్రీలకు తెలిసిన పని. వాలు సరిచేయొచ్చు, సైజు పెంచొచ్చు, కనెక్షన్లన్నీ కొత్తగా ఇవ్వొచ్చు. మూర్తి గారు చెప్పిన మూడు లోపాలూ తవ్వితే ఒకేసారి పోతాయి. లైనింగ్‌కు బాయిలర్ బండి, రోబో, రెజిన్ అన్నీ ఎక్కడినుంచో రావాలి. రేపు ఒకచోట లైనర్ ఊడితే మున్సిపాలిటీ ఎవరిని పిలుస్తుంది? వాళ్లు నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉంటారు. యాభై ఏళ్ల మాట కాగితం మీద ఎవరైనా రాస్తారు.

#8 మూర్తి_విశ్రాంత_ఈఈ

శేషు గారూ, మీరు చెప్పిన వీధిలో నేను కూడా తవ్వమనే రాస్తాను. లోతు తక్కువ, రోడ్డు వెడల్పు, పైపు సైజు చాలదు అంటే అక్కడ చర్చే లేదు.

సంధ్య గారి వీధి అది కాదు. పన్నెండు అడుగుల లోతు, ఇరుకు వీధి. నల్లరేగడిలో, కృష్ణా డెల్టా లాంటి నీరు ఊరే నేలలో ఆ లోతుకు తవ్వితే ఏమవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. నీళ్లు తోడుతూ ఉండాలి. తోడేకొద్దీ పక్క ఇళ్ల పునాదుల కింద మట్టి సర్దుకుంటుంది, గోడలు బీటలు వారతాయి. షోరింగ్ (గోతి గట్లు కూలకుండా పెట్టే దన్ను) సరిగ్గా పెట్టకపోతే గట్టు విరిగి మీద పడుతుంది. అలా మట్టిలో కూరుకుపోయి చనిపోయిన కూలీల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ ప్రాణాల లెక్క ఏ ఎస్టిమేటులోనూ రాయరు. షాపులు మూతపడటం, అంబులెన్సు రాలేకపోవడం, తవ్వినప్పుడు తెగిన నీటి పైపులు ఇవన్నీ జనం మీద పడే ఖర్చే.

50 ఏళ్ల సంగతి. అది డిజైన్‌లో తీసుకునే ఆయుష్షు. లైనర్ మందం ఏఎస్‌టీఎం ఎఫ్1216 అనే ప్రమాణం ప్రకారం లెక్కగడతారు. పాత పైపు ఇంకా మట్టి బరువు మోయగలదా, పూర్తిగా చేతులెత్తేసిందా అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు లెక్కలు. మొదటిదాంట్లో లైనర్ బయటి భూగర్భ జలాల ఒత్తిడిని తట్టుకుంటే చాలు. రెండోదాంట్లో మట్టి, బండ్ల బరువు మొత్తం లైనరే మోయాలి, మందం బాగా పెరుగుతుంది. ధర తగ్గించడానికి మొదటి లెక్క చూపించి, రెండో స్థితిలో ఉన్న పైపులో వేస్తే అసలు మోసం అక్కడే. సంధ్య గారూ, మీరు అడగాల్సిన మొదటి కాగితం ఈ డిజైన్ లెక్క. భూగర్భ జలం ఎన్ని అడుగుల్లో తీసుకున్నారో చూడండి. ఎండాకాలం మట్టం రాసుకుంటే ఒప్పుకోకండి.

మన దేశంలో ఇది కొత్త కాదు కూడా. ఢిల్లీలో యమునా యాక్షన్ ప్లాన్ మూడో దశలో కొండ్లీ, రిఠాలా, ఓఖ్లా ప్రాంతాల ట్రంక్ సీవర్ల (పెద్ద మెయిన్ మురుగు లైన్ల) పునరుద్ధరణ పెట్టుకున్నారు. కోల్‌కతాలో బ్రిటిష్ కాలం నాటి, మనిషి నిలబడగలిగే ఇటుక సీవర్లలో జీఆర్‌పీ (గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) పలకలు బిగించి, వెనక గ్రౌట్ నింపారు. అంత పెద్దవాటికి ఫెల్ట్ గొట్టం కన్నా అది నయం. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2013లో తెచ్చిన మాన్యువల్‌లోనూ సీవర్ పునరుద్ధరణ గురించి ఉంది. మీ ఇంజినీర్లకు చూపించండి.

#9 సుధ_కొలంబస్

ఒహాయోలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఇది రోజువారీ పని, అందుకే దీని చెడు కూడా చూశాం. రెండు సంగతులు.

మొదటిది వాసన. సాధారణ పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. గట్టిపరిచేటప్పుడు ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఇళ్లలో ఎండిపోయిన ట్రాప్‌ల (నీళ్లు నిలిచి గ్యాసును ఆపే నేల జాలీల) గుండా లోపలికి దూరుతుంది. 2017లో పర్డ్యూ యూనివర్సిటీ బృందం ఆవిరితో చేసే సైట్ల దగ్గర గాలిని పట్టి పరీక్షించింది. తెల్లగా లేచేది వట్టి నీటి ఆవిరి కాదని, అందులో రసాయన ఆవిర్లు, గట్టిపడని రెజిన్ తుంపరలు కూడా ఉన్నాయని తేల్చింది. 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, అంటే 2ఏలో చేర్చింది. పనివాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే ప్రమాదం. ఇంట్లోవాళ్లకు ఒక పూట ఇబ్బంది. అయినా పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇళ్లకు ముందే చెప్పాలి.

సంధ్య గారూ, పని మొదలయ్యే ముందురోజు కాలనీ అంతా ప్రతి బాత్రూములో, బాల్కనీలో, వాడని గదుల్లో ఉన్న నహానీ ట్రాప్‌లన్నిటిలో ఒక బకెట్ నీళ్లు పోయమనండి. నీళ్లుంటే గ్యాసు లోపలికి రాదు. ఆవిరి పైపు కొస ఎవరి కిటికీ కిందా పెట్టకూడదు, పైకి ఎత్తి వదలాలి. వేడినీళ్లతో చేస్తే, ఆ వాడేసిన నీళ్లు వాన కాలవలోకి, చెరువులోకి వదలకూడదు. శుద్ధి కేంద్రానికే వెళ్లాలి. స్టైరీన్ లేని రెజిన్లు కూడా ఉన్నాయి, ధర ఎక్కువ. బడి, ఆస్పత్రి ఉన్న ముక్కకు వాటినే అడగడం న్యాయం.

రెండోది ఇళ్ల కనెక్షన్లు. మెయిన్ లైను లోపల కొత్తదైపోయాక నేలలోని నీరు ఊరుకోదు, తర్వాతి పగులు వెతుక్కుంటుంది. అది ఇంటి కనెక్షన్ పైపులో, మ్యాన్‌హోల్ గోడలో ఉంటుంది. లైనర్‌కూ పాత పైపుకూ మధ్య సన్నటి సందులోంచి పారి, రోబో కోసిన నోటి దగ్గర బయటపడుతుంది. అందుకే కొసల్లో నీటికి ఉబ్బే సీళ్లు, కనెక్షన్ నోటి దగ్గర టోపీ ఆకారపు చిన్న లైనర్ వేస్తారు. మెయిన్ ఒక్కటే చేసి వదిలిన ఊళ్లలో వాననీటి చొరబాటు అనుకున్నంత తగ్గలేదు.

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఇంటినుంచి మెయిన్ దాకా ఉన్న పైపు చాలా ఊళ్లలో ఇంటి యజమానిదే. పాత ఇళ్లకు మట్టి పైపు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టినవాటిలో ఆరెంజ్‌బర్గ్ అనే తారు, చెక్కపీచు పైపు కూడా ఉంటుంది, అది కాలం గడిచేకొద్దీ చపటగా నొక్కుకుపోతుంది. కొనే ముందు కెమెరా వేయించండి. సాధారణ హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో ఇది రాదు, విడిగా అడగాలి.

#10 బాబూరావు_కె

ఇంతసేపూ పైపుల గురించే మాట్లాడారు. ఆ పైపుల్లోకి దిగేవాళ్ల గురించి నేను మాట్లాడాలి. మా నాన్న డ్రైనేజీ పని చేశారు. మా బస్తీలో చాలా ఇళ్లలో మగవాళ్లది అదే పని. నేను కార్మికుల హక్కుల కోసం పనిచేస్తున్నాను.

ఈ లైనింగ్ రావాలనే కోరుకుంటాను. నునుపైన పైపులో చోకేజీలు తగ్గుతాయి, వేళ్లు రావు, ఇసుక రాదు. చోకేజీ తగ్గితే మనిషిని దింపాల్సిన సాకు తగ్గుతుంది. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని సీవర్‌లోకి దింపడం నేరం. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా చావులు ఆగలేదు.

నా ఆందోళన ఈ పని జరిగే రోజుల గురించే. రవి గారూ, మురుగు మళ్లించడానికి పైపులో ప్లగ్గు ఎవరు పెడతారు? కింద కొసలు ఎవరు కోస్తారు? సబ్ కాంట్రాక్టరు మా బస్తీకే వస్తాడు. యంత్రాలన్నీ కోట్ల విలువైనవి, కిందికి దిగేవాడి ఒంటి మీద మాత్రం బనియను. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద) చేరేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయిందని మనిషి ఇంకా కిందికి దిగుతాడు. ఒకడు పడితే కాపాడబోయి ఇంకొకడు. ఎన్ని కుటుంబాల్లో అన్నదమ్ములు కలిసి పోయారో.

సంధ్య అక్కా, మీ కాలనీ కాగితంలో ఇది కూడా రాయండి. గ్యాస్ డిటెక్టర్, బ్లోయరు, ట్రైపాడ్, హార్నెస్, గాలి గొట్టంతో ఉన్న మాస్కు, పైన నిలబడి చూసే మనిషి లేకుండా మీ వీధిలో ఎవరూ మూత తెరిచి దిగకూడదని. నివాసులు అడిగితే పని ఆగుతుంది. మేం అడిగితే కూలీ పోతుంది.

#11 రవి_లైనింగ్

బాబూరావు గారూ, మీరు అన్నది నిజం, నేను చూశాను. మంచి సైట్లలో ప్లగ్గును పైనుంచే తాడుతో దింపి గాలి నింపుతారు. కొసలు కోయడానికి మాత్రం చాలాసార్లు మనిషే దిగుతాడు. దిగినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్‌తోపాటు స్టైరీన్ ఆవిరి కూడా ఉంటుంది. లైనర్ చల్లారి గాలి ఆడేదాకా దిగకూడదు. గట్టిపడే ముందు లైనర్ లోపలికి మనిషిని పంపడం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. టెండర్‌లో భద్రతను విడి ఐటెమ్‌గా, విడి రేటుతో పెట్టాలి. రేటులోనే కలిపేస్తే మొదట కోత పడేది దానిమీదే.

శుభ్రం చేసే దశలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లే 70 మినీ జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. సంధ్య గారి లాంటి వీధులకు అలాంటి చిన్న బండ్లే కావాలి. పెద్ద బండి పట్టదని మనిషిని దింపే పరిస్థితి రాకూడదు.

#12 సంధ్య_ఎస్

మీటింగ్ అయింది. బాబూరావు గారి పోస్టు చదివినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. ఆ షరతు ఏకగ్రీవంగా రాశాం.

మీరు చెప్పినట్టు సీసీటీవీ ఫుటేజీ అడిగాం. మొదట తటపటాయించారు, తర్వాత చూపించారు. స్టోన్‌వేర్ పైపుల్లో వేళ్లు పొదల్లా ఉన్నాయి, పైపు మాత్రం నిలబడే ఉంది. ఆర్‌సీసీ లైనులో కప్పు కమ్మీలు కనిపిస్తున్నాయి. ఒక మలుపు దగ్గర పైపు సగం కూలింది, సరిగ్గా రోడ్డు కుంగిన చోటే. ఇంకోచోట కెమెరా నీళ్లలో మునిగి చాలా దూరం ఏమీ కనపడలేదు. దీని అర్థం ఏమిటి?

#13 మూర్తి_విశ్రాంత_ఈఈ

అమ్మా, కెమెరా మునిగిన చోట రెండు అవకాశాలు. పైపు అక్కడ కుంగి ఉండాలి, లేదా కింద ఎక్కడో అడ్డు ఉండి నీరు నిలిచి ఉండాలి. కింది భాగం శుభ్రం చేసి, పైనుంచి మురుగు ఆపి, మళ్లీ కెమెరా వేయించండి. అప్పుడూ నీళ్లు నిలిస్తే అది బొజ్జ. ఆ ముక్కలో లైనర్ వేయకూడదు, లెవెల్ తీసి తవ్వి వాలు సరిచేయాలి. అక్కడ శేషు గారి పద్ధతే సరైనది. కూలిన మలుపు కూడా తవ్వి ఆ పైపు ముక్కలు మార్చి, గుల్ల పూడ్చాకే మిగతా పని.

స్టోన్‌వేర్ వీధులకు వేళ్లు కోసి లైనర్ వేయవచ్చు. పాత పైపు బలం ఇంకా ఉంది కాబట్టి మొదటి లెక్క సరిపోవచ్చు. కమ్మీలు బయటపడిన ఆర్‌సీసీకి మాత్రం రెండో లెక్కే చేయమనండి. ఒకే కాలనీకి ఒకే మందం అని చెబితే ఒప్పుకోకండి. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చోటైతే వినైల్ ఎస్టర్ రెజిన్ అడగాలి. మీది ఇళ్ల మురుగే కాబట్టి పాలియెస్టర్ చాలు.

#14 శేషు_గుంటూరు

మూర్తి గారూ, ఇలా ముక్కముక్కకూ చూసి చేస్తే నాకు అభ్యంతరం లేదు. నా కోపమంతా ఊరంతటికీ ఒకే టెండర్ పెట్టి, ఒకే పద్ధతి రుద్దడం మీద. తవ్వే ముక్కలు స్థానిక కాంట్రాక్టర్లకు విడిగా ఇస్తే లైనింగ్ వాళ్ల కోసం కూర్చోకుండా ఆ పని ముందే అయిపోతుంది.

సంధ్య గారూ, ఒక సంగతి. తవ్విన చోట పూడ్చేటప్పుడు అడుగుకోసారి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించండి. పైపు చుట్టూ ఇసుక వేయించండి. అది చేయకపోతే ఆర్నెల్లకే మళ్లీ కుంగుతుంది.

#15 సంధ్య_ఎస్

ధన్యవాదాలండీ. పని పూర్తయ్యాక బాగా వేశారో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? బిల్లు ఇచ్చే ముందు ఏం చూడాలి? మ్యాన్‌హోళ్ల సంగతి ప్రతిపాదనలో లేదు, అదీ అడగాలా?

#16 రవి_లైనింగ్

తప్పకుండా అడగండి. మ్యాన్‌హోల్ గోడ ఇటుకది, ప్లాస్టరు ఆసిడ్‌కు రాలిపోయి ఉంటుంది. లైనర్ వేసిన రెండు ముక్కల మధ్య అదొక్కటే కన్నాల బుట్టలా మిగిలితే సుధ గారు చెప్పిన నీరంతా అక్కడినుంచే వస్తుంది. శుభ్రం చేసి, కారే చోట్ల గ్రౌట్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆసిడ్ తట్టుకునే కోటింగ్ వేయించాలి.

నాణ్యతకు మొదటి ఆధారం సైటులో తీసే నమూనా. మధ్య మ్యాన్‌హోల్లో పైపు సైజు అచ్చు పెట్టి, లైనర్ అందులోంచి పోయేలా చేసి, గట్టిపడ్డాక ఆ ముక్కను కోస్తారు. దాన్ని బయటి ల్యాబుకు పంపాలి, కాంట్రాక్టరు సొంత ల్యాబుకు కాదు. ఎఫ్1216 ప్రకారం వంపు బలం కనీసం 31, వంపు మాడ్యులస్ (వంగకుండా నిలిచే బిగువు) కనీసం 1724 మెగాపాస్కల్స్ రావాలి. మందం కూడా అక్కడే కొలుస్తారు. విడిగా పళ్లెంలో పోసి గట్టిపరిచిన నమూనా ఇస్తే తీసుకోకండి, పైపు లోపల పడిన వేడి దానికి పడదు. చల్లటి భూగర్భ జలం తగిలే చోట రెజిన్ పచ్చిగా మిగిలిపోతుంటుంది, అక్కడ లైనర్ మెత్తగా ఉంటుంది.

తర్వాత పని అయ్యాక తీసిన వీడియో. పొడుగునా ముడతలు, ఉబ్బులు, లోపలికి కారే చెమ్మ చూడండి. ప్రతి కనెక్షన్ నోరు పూర్తిగా తెరుచుకుందా, అంచు నునుపుగా ఉందా చూడండి. అంచు గరుగ్గా ఉంటే గుడ్డలు, జుట్టు అక్కడే పట్టుకుంటాయి. మొదటి వీడియోలో లెక్కపెట్టిన కనెక్షన్లు, రెండో వీడియోలో తెరిచినవి ఒకటే ఉండాలి. తక్కువైతే ఏ ఇల్లో వెంటనే వెతకాలి.

#17 సుధ_కొలంబస్

ఆ రెండు వీడియోలూ, కనెక్షన్ల కొలతల పట్టికా కాలనీ సంఘానికి కూడా ఒక కాపీ ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. పదేళ్ల తర్వాత ఇంజినీరు మారతాడు, ఫైలు మారుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు కనెక్షన్ కోసం లైనర్‌ను సుత్తీ ఉలితో పగలగొట్టకుండా కూడా చూడాలి. కోర్ కట్టర్‌తో గుండ్రంగా కోసి, రబ్బరు సీలున్న శాడిల్ (పైపు మీద కూర్చునే అతుకు ముక్క) పెట్టాలి. ఎంత మంచి లైనర్ అయినా అక్కడ ఒక్క దెబ్బకు పాడవుతుంది. ఇది ప్లంబర్లకు ముందే చెప్పాలి.

#18 నరేష్_నాంపల్లి

వాననీళ్ల సంగతి కూడా చూడండి సంధ్య గారూ. మా దిక్కు మిద్దె మీది నీళ్లన్నీ డ్రైనేజీలకే కలుపుతరు. వాన పడితే మ్యాన్‌హోల్ పొంగేది అందుకే. లైనర్ వేసినా ఆ నీళ్లు అట్లనే వస్తయి. ఏ ఇంటి మిద్దె పైపు డ్రైనేజీలో కలిసిందో పొగ పెట్టి చూస్తే తెలుస్తది. కాలనీవాళ్లు తమంతట తాము తీసి ఇంకుడు గుంతకు మళ్లిస్తే పైపు మీద భారం చాలా తగ్గుతది.

#19 మూర్తి_విశ్రాంత_ఈఈ

నరేష్ గారి మాట అక్షరాలా నిజం. పొగ పరీక్ష ఖరీదైంది కూడా కాదు. పొగ ఏ మిద్దె గొట్టంలోంచి లేస్తే ఆ కలయిక అక్కడే దొరికిపోతుంది. ముందుగా కాలనీవాళ్లకు చెప్పండి, లేకపోతే నిప్పంటుకుందని భయపడతారు.

పని క్రమం ఇలా అడగండి. వానలు వెనక్కి తగ్గగానే, భూగర్భ జలం ఇంకా పైనే ఉన్నప్పుడు, రాత్రి రెండు మూడు గంటల వేళ కెమెరా వేయించాలి. ఆ వేళ ఇళ్ల వాడకం దాదాపు ఉండదు, పైపులో పారేది ఎక్కువగా నేలలోంచి ఊరిన నీరే. ఏ జాయింటు ఎంత కారుతుందో అప్పుడే తెలుస్తుంది. డిసెంబరులోగా కూలిన మలుపు, కుంగిన ముక్క తవ్వి సరిచేయాలి. జనవరి నుంచి లైనింగ్ మొదలుపెట్టి ఏప్రిల్ దాటకుండా ముగించాలి. తర్వాతి వానాకాలం చివర అదే వేళకు మరోసారి కెమెరా వేసి, చివరి బిల్లు అప్పుడు ఇవ్వాలని షరతు పెట్టండి.